మామ కానివాడు

తమిళనాడులో, ధర్మపురి బస్టాండు వెనక సందులో కేశవన్ అద్దె పుస్తకాల కొట్టు ఈనాటికీ తలుపు తెరుస్తోందంటే అది కాంతామణి చలవే. మిగతా జనమంతా ఫోన్లకు అతుక్కుపోయి ఏళ్ళయింది. కేశవన్ కూడా లోకంతోపాటే నడిచి, కొట్టు ముందుభాగమంతా ఫోను కవర్లూ ఛార్జర్లూ వేలాడదీసి, పుస్తకాలను వెనక గోడకు నెట్టేశాడు. ఆ గోడ అరల్లో దుమ్ము పట్టనిది ఒక్కటే. అందులో ఒక తమిళ నవల ఉంది, ఇరవై రెండు భాగాలు. పేరు ‘సుళల్ పరిసల్’, అంటే సుడి తిరిగే పుట్టి, గుండ్రటి బుట్టలాంటి పడవ. కొత్త భాగం మద్రాసు నుంచి వచ్చిందని తెలిస్తే చాలు, కాంతామణి, చింతపండు మండీ విశ్వనాథన్ భార్య, యాభై దాటిన మనిషి, ఒక కోడలికి అత్తగారు, మోకాళ్ళ నొప్పి కూడా మరిచిపోయి ఆ అర ముందు నిలబడేదని కేశవన్ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవాడు.

నవ్వేవాళ్ళకేం, నవ్వుతారు. అంటుకున్నవాళ్ళకు తెలుస్తుంది ఆ బాధ.

అంటించింది కోడలు షర్మిళ. అత్తగారు మోకాలి నొప్పితో మంచం పట్టినప్పుడు, పొద్దుపోతుందని మొదటి భాగం తెచ్చి పక్కన పెట్టింది. కథ మొదట్లో ఏమంత లేదు. పూవిళి అని ఒక బడిపంతులమ్మ పిల్లలను హొగేనకల్ జలపాతం చూపించడానికి తీసుకుపోతుంది. పుట్టివాడు సరదాకి నది మధ్యలో పుట్టిని గిరగిరా తిప్పుతాడు. పిల్లలందరికీ కళ్ళు తిరిగి సర్దుకుంటాయి. పూవిళికి సర్దుకోవు. దిగి చూస్తే ఒడ్డు అదే, కాలం అది కాదు. మూడు వందల యాభై ఏళ్ళ వెనక ఎవరో పాలెగాడి ఏలుబడిలో ఉంది ఆ రేవు. దానికి కాపలా ఒక గుర్రపు రౌతు, మారవేలు. ఎడమ కనుబొమను రెండుగా చీల్చిన గాటు, ఎండకు రాగి రంగు తిరిగిన నుదురు, నవ్వబోయే ముందు ఒక పక్కకే వంగే పెదవి. ఈ మూడింటినీ కాంతామణి నిద్రలో లేపి అడిగినా చెప్పేది.

ఆ తర్వాత ప్రతి భాగం చివరా నది పూవిళిని వెనక్కి లాగేసుకుంటుంది. ఆమె మళ్ళీ ఈ కాలపు బడిలో సుద్దముక్క పట్టుకుని నిలబడుతుంది. మళ్ళీ హొగేనకల్ పోతుంది, మళ్ళీ పుట్టి ఎక్కుతుంది. చేరుతుందో లేదో తెలియదు. చేరినా అక్కడ ఎన్నేళ్ళు గడిచిపోయి ఉంటాయో, ఆ ఒడ్డున అతను ఇంకా ఉంటాడో లేడో తెలియదు. అక్కడికి భాగం అయిపోతుంది. రాసిన మనిషి ఎవరో గానీ జనం ఉసురు పోసుకోవడం బాగా తెలిసిన మనిషి. కొత్త భాగం రావడానికి రెండు మూడు నెలలు పట్టేది. ఆలోగా కాంతామణి ఉన్న భాగాన్నే మళ్ళీ మళ్ళీ చదివేది. పప్పు మాడేది, పాలు పొంగిపోయేవి. మారవేలు ఒడ్డున ఉంటాడా అన్న ప్రశ్న తప్ప ఆ ఇంట్లో ఆమెకు ఇంకే ప్రశ్నా లేకుండా పోయింది.

ఎందుకంత పిచ్చి అంటే, దానికి ఆమె పెళ్ళి కథ చెప్పాలి. అది ఒక్క ముక్కలో అయిపోయే కథ. ఆమె మొగుడు విశ్వనాథన్ ఆమెకు మేనమామ, తల్లికి సొంత తమ్ముడు. ఎన్నో తరాల కిందట ఇటు వచ్చి స్థిరపడ్డ తెలుగు వ్యాపారుల ఇళ్ళలో అది విశేషం కాదు. అక్కకు ఆడపిల్ల పుడితే తమ్ముడికే అని ఆమె కడుపులో ఉండగానే పెద్దలు అనుకున్నారు. మూడో ఏట చెవులు కుట్టించినప్పుడు, ఆచారం ప్రకారం మేనమామ ఒళ్ళోనే కూర్చోబెట్టారు. సూది దిగగానే ఆమె ఆయన కుడి చేతి బొటనవేలు రక్తం వచ్చేలా కొరికింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. పెళ్ళిళ్ళలో చుట్టాలు ఆయన వేలు పట్టుకుని చూపించి నవ్వేవాళ్ళు. ఆమెకు తల కొట్టేసినట్టుండేది.

తాళి కట్టిన రోజున ఆమెకు భయం వేయలేదు, సిగ్గూ వేయలేదు. అమ్మమ్మ ఇల్లే అత్తగారి ఇల్లయింది. నిన్నటిదాకా ‘మామా’ అని పిలిచిన మనిషినే ఆ మర్నాడూ ‘మామా’ అని పిలిచింది. ఆయనా అంతే, ఉయ్యాల్లో పిలిచిన ‘పాపా’ అనే పిలుపునే మనవరాలిని ఎత్తుకునే వయసు దాకా లాక్కొచ్చాడు. పెళ్ళయిన కొత్తలో హొగేనకల్ తీసుకుపోయాడు గానీ, పుట్టి తిరిగేసరికి ఆయనకే వాంతి అయింది. మంచివాడు, కొట్టడు, తిట్టడు, చింతపండు తూకంలో పైసా మోసం చేయడు. అదృష్టవంతురాలివే అన్నారు అందరూ. కాదని ఆమె మాత్రం ఎప్పుడంది? కానీ తన కోసం ఎక్కడినుంచో ఒక తెలియని మనిషి రావడం, తనని చూసి ఆగిపోవడం అనేది తన బతుకులో జరగలేదని, ఇక జరగదని, ఆ మొదటి భాగం చదివిన మధ్యాహ్నమే ఆమెకు తెలిసింది. తనకు దక్కనిది పూవిళికైనా దక్కాలి. అదే ఆమె ఆశ.

పద్నాలుగో భాగం చదువుతుండగా పేజీ మీద నల్లని వెంట్రుక ఒకటి కనిపించింది. తుడిచింది. పోలేదు. గోడ మీద చూస్తే గోడ మీదా ఉంది, ఆకాశంలో చూస్తే ఆకాశంలోనూ ఉంది. అప్పటికి పదేళ్ళుగా షుగరు ఉన్న మనిషి. ఆ వెంట్రుక కంట్లోదే అని ఆమెకు అర్థం కాకపోలేదు. అయినా నోరు మెదపలేదు.

అంతలో షర్మిళ ఎక్కడో విని వచ్చింది. “అత్తా, షుగరు ఉండేవాళ్ళు ఏడాదికొకసారి కండ్లు చూపించుకోవాలంట. సేలంలో ఆస్పత్రికి పేరు రాయించినాను. శుక్రవారం పోయి వస్తాము రండి.”

ఆ శుక్రవారమే పదిహేనో భాగం వస్తుందని కేశవన్ చెప్పి ఉన్నాడు. పైగా డాక్టరు పుస్తకం ముట్టుకోవద్దంటే? కంటికి కట్టు కట్టి నెలల తరబడి పడుకోబెడితే? పద్నాలుగో భాగం చివర పూవిళి వరదలో కొట్టుకుపోతోంది. ఆమెను అలా నీళ్ళలో వదిలేసి పోయి మంచం మీద పడుకోవడం కాంతామణి వల్ల కాలేదు. “ఈ వారం మోకాలు సరిగా లేదు, వచ్చేవారం పోదాంలే” అంది. వచ్చేవారం ఇంకో సాకు. ఆ తర్వాత మరొకటి. వెంట్రుకలు రెండయ్యాయి, గుంపయ్యాయి. అక్షరాల మధ్య వాటిని తప్పించుకుంటూ, తల అటూ ఇటూ తిప్పుకుంటూ చదవడం నేర్చుకుంది. ఇంట్లో ఎవరికీ తెలియకుండా నాలుగు భాగాలు అలాగే చదివింది.

ఒక ఉదయం పెనం మీద దోసె తిప్పుతుండగా ఎడమ కంటికి నల్లటి తెర దిగింది. నెల తిరక్కుండా కుడి కన్నూ మసకేసింది. అప్పుడు పరుగులు పెట్టారు సేలానికి, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. సూదులు వేశారు, ఆపరేషను చేశారు. ఎడమ కన్ను పోయింది. కుడి కంటికి వెలుతురూ నీడా మిగిలాయి, అంతే. చదివి చదివి కళ్ళు పోగొట్టుకుందని వీధంతా అన్నారు. డాక్టరు అది కాదన్నాడు. చదవడం వల్ల కళ్ళు పోవు, షుగరు వల్ల కంటి వెనక రక్తనాళాలు చిట్లాయి, ముందే వచ్చి ఉంటే చాలావరకు కాపాడేవాళ్ళం అన్నాడు. ముందే ఎందుకు రాలేదో చెప్పగలిగినది ఒక్క కాంతామణి. ఆమె చెప్పలేదు.

కళ్ళ కోసం ఏడ్చింది, నిజమే. కానీ సిగ్గుపడుతూ ఏడ్చిన ఏడుపు ఇంకొకటి ఉంది. పద్దెనిమిదో భాగం చివరి పేజీలో పూవిళి పుట్టి ఎక్కింది. పుట్టివాడు తెడ్డు వేశాడు. పుట్టి తిరగడం మొదలైంది. సరిగ్గా అక్కడ కాంతామణి చూపు ఆగిపోయింది. ఇప్పుడు పంతొమ్మిదో భాగం ఒళ్ళో ఉంది, బరువు తెలుస్తోంది, కాగితం వాసన తెలుస్తోంది. లోపల పుట్టి తిరుగుతూనే ఉంది. ఒడ్డున మారవేలు ఉన్నాడో లేడో ఆ అట్టల మధ్యనే ఉంది. తెరిస్తే తెల్లటి మసక.

భూతద్దం తెప్పించుకుంది. మసక పెద్దదయింది, అంతే. షర్మిళ ఫోనుతో పేజీకి ఫోటో తీసి, ఫోను చేతే చదివించింది. ‘నా ప్రాణమా’ అన్న మాటనూ పేజీ అడుగున ఉన్న అంకెనూ అది ఒకే గొంతుతో చదివింది. ఆపెయ్యమంది. ఒక ఆదివారం షర్మిళే కూర్చుని చదివింది గానీ, ఇద్దరూ దగ్గరైన చోటల్లా రెండు మూడు వాక్యాలు మింగేస్తోందని అత్తగారు కనిపెట్టేసింది. ఆ పిల్ల తప్పేముంది, అత్తగారి ముందు ఆ మాటలు చదవమంటే ఎవరికైనా నోరు పెగలదు. కేశవన్‌ను అడిగితే తాను ఒక్క భాగమూ చదవలేదన్నాడు. మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడా?

“నెట్‌లో ఎవరైనా రాసి ఉంటారు అత్తా, ఇరవై ఒకటి దాకా ఏమయిందో చూసి చెప్తాను” అంది షర్మిళ.

“చెప్పొద్దు” అని కాంతామణి రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఎవరో ఊరి కబురులా చెబితే వినేది కాదు అది. పూవిళితోపాటు ఆ పుట్టిలో కూర్చుని పోవాలి, పోయి చూడాలి. చూడటానికి ఏమీ మిగల్లేదు.

తిండి తగ్గింది. రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపేది. మాట తగ్గింది. వెనక పెరట్లో వెల్లిచందై నుంచి వచ్చిన ఆడవాళ్ళు వరసగా కూర్చుని చింతపండులో గింజ తీస్తూ కబుర్లాడుకుంటుంటే, ఇదివరకు వాళ్ళ మధ్యకు పోయి కూర్చునే మనిషి, నడవాలో స్తంభానికి ఆనుకుని పుస్తకం ఒళ్ళో పెట్టుకుని రోజంతా ఉండిపోయేది. ఒక మధ్యాహ్నం విశ్వనాథన్ భోజనానికి వచ్చినప్పుడు, ఎవరికీ కాకుండా గాలికి చెప్పినట్టు అంది.

“ఇంగ నేను ఎందుకు ఉండల్ల మామా?”

ఆయన నీడ ఆమె ముందు ఆగింది. తర్వాత ఆ నీడ కిందికి దిగి ఆమె పక్కన కూర్చుంది. ఒళ్ళో పుస్తకం బరువు తగ్గింది.

“యాడ ఉండావు?” అన్నాడు.

“ఏమిటి?”

“కథలో. యాడ దాకా వచ్చి ఉండావు?”

“పుట్టిలో ఉండా” అంది కాంతామణి. “పుట్టి తిరుగుతా ఉండాది.”

“సరి” అని ఆయన మొదటి పేజీ తెరిచాడు.

ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. కూడబలుక్కుని చదువుతాడు. పైగా పెరట్లో ఆడవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు తమిళం తప్ప మరొకటి రాదు. అరవై దాటిన మండీ యజమాని నడవాలో కూర్చుని పెళ్ళాం ముందు తమిళంలో ప్రేమ మాటలు చదివితే ఊరంతా పాకిపోతుంది. అందుకని ఆయన కళ్ళతో తమిళం చదువుకుని, నోటితో తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో తెలుగు అక్షరం ఎవరికీ రాదు, దేవుడి పటం కింద తెలుగులో రాసి ఉంటే ముగ్గు అనుకుంటారు. కానీ బయటివాళ్ళకు తెలియకూడని మాట ఏదైనా తెలుగులోనే చెప్పుకోవడం తాతల నాటి నుంచీ అలవాటు.

“పుట్టి ఒడ్డుకు తగిలింది. పూవిళి దిగింది. ఆయప్ప గుర్రం పట్టుకొని నిలబడి ఉండాడు.”

ఉన్నాడు. కాంతామణికి కన్నీళ్ళు జలజల రాలాయి.

“ఆ యమ్మ పరిగెత్తుకొని పోయింది. పోయి, ‘మామా, నేను వచ్చినాను’ అనింది.”

కన్నీళ్ళు ఠక్కున ఆగిపోయాయి. “ఏమనింది?”

“మామా, నేను వచ్చినాను, అనింది.”

“పుస్తకంలో మామా అని ఉండాదా?”

“‘వీరరే’ అని ఉండాది. దాన్ని మన మాటలో ఎట్ల చెప్పేది?”

“ఎట్లయినా చెప్పు. మామా అని మాత్రం చెప్పొద్దు.”

“మొగుణ్ణి ఇంగేమని పిలుస్తారు పాపా?” ఆయన నిజంగానే అడిగాడు. ఆ ఇంట్లో మూడు తరాల ఆడవాళ్ళు మొగుళ్ళను పిలిచిన పిలుపు అదొక్కటే.

“ఆయప్ప మామ కాదు.” కాంతామణి గొంతు లేచింది. “ఎవరో తెలియని మనిషి. యాడి నుంచో వచ్చిన మనిషి. వాళ్ళమ్మకి తమ్ముడు కాదు. నాకు ఇదొకటే మిగిలుండాది, దాంట్లో కూడా నువ్వు వచ్చి కూర్చోవద్దు.”

అన్నాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు. పెరట్లో గింజలు డబ్బాలో పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన మొహం ఎలా మారిందో చూడటానికి ఆమెకు కళ్ళు లేవు.

“సరి” అన్నాడు విశ్వనాథన్. “పేరు పెట్టి పిలిపిస్తాను.” గొంతు సవరించుకుని, చేయకూడని పని చేస్తున్నవాడిలా మెల్లగా చెప్పాడు. “‘మారవేలూ, నేను వచ్చినాను’ అనింది.”

అలా మొదలైంది. రోజూ భోజనం అయ్యాక ఆయన చదివేవాడు, ఆమె స్తంభానికి ఆనుకుని వినేది. ప్రేమ మాటల దగ్గర ఆయన పడే అవస్థ ఇంతా అంతా కాదు. వాళ్ళ ఇంటి తెలుగులో తిట్టడానికి మాటలున్నాయి, తూకం వేయడానికి ఉన్నాయి, సంబంధం మాట్లాడటానికి ఉన్నాయి. దీనికి లేవు. మారవేలు ఒక పేజీ పొడవునా పెద్ద పెద్ద తమిళంలో మనసు విప్పిన చోట ఆయన చాలాసేపు తడుముకుని, “నువ్వు లేకుంటే నాకు అన్నం దిగదు, అంటా ఉండాడు” అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. పుస్తకంలో ఇంత బాగా ఉండి ఉండదని ఆమెకు అనిపించింది. పైకి మాత్రం అనలేదు. ఆ రోజు మజ్జిగన్నం పూర్తిగా తింది.

ఇంతలో రెండో పిచ్చివాడు తయారయ్యాడు. ఇంట్లో చదివింది చాలక విశ్వనాథన్ పుస్తకాన్ని మండీకి పట్టుకుపోయి, తక్కెడ పక్కన గోనెపట్టా కింద దాచుకుని ముందుకు ముందుకు చదవసాగాడు. కంబైనల్లూరు నుంచి వచ్చిన వ్యాపారి ధర మూడుసార్లు అడిగితే, నాలుగోసారి తలెత్తి “వాడు గుర్రం అమ్మేసినాడప్పా” అన్నాడట. ఈ కబురు షర్మిళ చెబితే కాంతామణి చాలాకాలానికి నవ్వింది. నవ్వి, వెంటనే భయపడింది. ఇరవై ఒకటో భాగం చివర పూవిళి మళ్ళీ ఈ కాలానికి విసిరేయబడింది. మిగిలింది ఒకే ఒక్క భాగం. అక్కడ ఏది జరిగితే అదే ఆఖరు.

ఇరవై రెండో భాగం ఇంకా రాలేదన్నాడు విశ్వనాథన్. మరో వారమూ రాలేదన్నాడు. ఆమెకు అన్నం మళ్ళీ దిగడం మానేసింది.

“పుస్తకం వచ్చి శానా దినాలైంది అత్తా” అంది షర్మిళ, అసలు సంగతి తెలియక. “మండీలో ఉండాది. నేనే చూసినాను.”

కాంతామణికి అర్థమైంది. ఆయన చదివేశాడు. చదివి, తీసుకురాలేదు. అంటే ఏమిటి? ఆ మధ్యాహ్నం ఆయన కాళ్ళు కడుక్కుని లోపలికి రాగానే చెయ్యి చాపింది. “మామా, పుస్తకం తీసుకొని రా. ఈ దినమే చదవల్ల.”

ఆయన పోయి తెచ్చాడు. చదివాడు. ఆ రోజూ, ఆ మర్నాడూ, ఆ తర్వాతా చదివాడు. ఆమె ఊపిరి బిగబట్టి విన్నది. పూవిళి బడి ఉద్యోగం వదిలేసింది. ఉన్న నగలు పుట్టివాడికి ఇచ్చేసింది, ఇక వెనక్కి రానని చెప్పింది. నదిలో నీళ్ళు పెరిగాయి. పుట్టి తిరిగింది. పేజీ తిరిగిన చప్పుడు అయింది.

“పుట్టి ఒడ్డుకు తగిలింది” అన్నాడు విశ్వనాథన్. ఆగాడు.

“చెప్పు మామా. ఉండాడా?”

“ఉండాడు.” గొంతు సవరించుకున్నాడు. “నిలబడి ఉండాడు. తల నెరిసిపోయింది, ముందు మాదిరి లేడు. అయినా ఉండాడు. ఆ యమ్మ అడిగింది, ఎన్ని దినాలుగా నిలబడి ఉండావు అని. ఆయప్ప చెప్పినాడు, నువ్వు పుట్టకముందు నుంచి నిలబడి ఉండా. నువ్వు ఎట్లుంటావో తెలియకముందే, వస్తావు అని నాకు చెప్పినారు. నేను ఇంగ ఎవరినీ చూడలేదు. నువ్వు నన్ను చూడలేదని నాకు తెలుసు. పరవాలేదు. మచ్చ ఇంగా ఉండాది చూడు, అని బొటనవేలు...”

ఆయన మాట అక్కడ ఆగిపోయింది. పెరట్లో గింజలు డబ్బాలో పడుతున్నాయి.

కాంతామణి మెల్లగా అంది. “మారవేలుకి మచ్చ కనుబొమ మీద ఉండాది మామా. బొటనవేలికి లేదు.”

ఆయన ఒళ్ళో పుస్తకాన్ని సర్దుకున్నాడు.

“నువ్వు పేజీ తిప్పి శానా సేపైంది.”

“గాలికి కాగితం మడత పడి తిప్పేదానికి రాలేదు” అన్నాడు. అబద్ధం చెప్పడం రాని మనిషి.

“పుస్తకంలో ఏముండాదో అది చదువు.”

“వద్దు పాపా. నాకు తెలిసింది చాలు. నీకెందుకు?”

“కండ్లు పోగొట్టుకొని వచ్చినాను మామా దీనికోసం.” ఇన్నాళ్ళూ లోపల అదిమిపెట్టింది ఒక్కసారిగా పైకి వచ్చింది. “సేలం రమ్మన్న దినం నేను కేశవన్ కొట్లో ఉండాను. కంట్లో వెంట్రుక పడినప్పుడే నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. చెప్తే చదవనీయరని చెప్పలేదు. ఆయప్ప ఉండాడా లేడా, నాకు నిజం కావల్ల.”

“తెలుసు” అన్నాడు విశ్వనాథన్. “నువ్వు ఆ దినం ఆడ ఉన్నావని కేశవన్ చెప్పినాడు. నేనే చెయ్యి పట్టుకొని సేలం గుంజుకొని పోయుండల్ల. నీకు ఇష్టమైనది ఒకటుంది కదా, దాన్ని ఎందుకు చెరపాలని సుమ్మా, నోరు మూసుకొని ఉండిపోయినాను.”

తర్వాత ఆయన చదివాడు, ఉన్నది ఉన్నట్టు. పుట్టి ఒడ్డుకు తగిలింది. ఒడ్డున ఎవరూ లేరు. చేపలు పట్టే ముసలివాడు ఒకడు వచ్చి చెప్పాడు, రేవు కాపలా మారవేలు పోయిన వానాకాలంలో జ్వరం తగిలి చనిపోయాడని, కాళ్ళలో సత్తువ ఉన్నంతవరకూ ఇక్కడే నిలబడేవాడని. పూవిళి ఆ ఇసుకలో కూర్చుంది. తిరిగి పోదామా అమ్మా అని పుట్టివాడు అడిగాడు. ఆమె జవాబు చెప్పలేదు. అంతే, పుస్తకం అయిపోయింది.

కాంతామణి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఎన్ని నెలలు, ఎన్ని భాగాలు, ఎన్ని సాకులు. చివరికి ఒడ్డున ఎవరూ లేరు. కావలసినంతసేపు ఏడ్చాక ఆ చచ్చిపోయిన మనిషి మొహం ఒకసారి తలుచుకుంది. వెంటనే వచ్చింది. చీలిన కనుబొమ, రాగి రంగు నుదురు, ఒక పక్కకే వంగే పెదవి. తర్వాత, ఎందుకో, పక్కన కూర్చున్న మనిషి మొహం తలుచుకోబోయింది. పెళ్ళి ఫోటోలో మొహం వచ్చింది. మీసం సరిగా రాని రోజుల్లో తనను భుజాన ఎక్కించుకున్న మొహం వచ్చింది. ఇప్పటి మొహం రాలేదు. ఎంత వెతికినా రాలేదు. ముప్పై ఏళ్ళకు పైగా అన్నం వడ్డించేటప్పుడల్లా ఎదురుగా ఉన్న మొహమే. చూడవలసింది ఏదో అందులో ఉందని ఆమెకు ఎప్పుడూ తోచలేదు. ఇప్పుడు చూద్దామంటే తెల్లటి మసక.

కాగితం మీద తప్ప ఎక్కడా లేని మనిషి పోయినందుకు కాదు, దీనికి ఆమెకు ఊపిరాడలేదు. తడుముకుని ఆయన చెయ్యి పట్టుకుంది. బొటనవేలి మీద మచ్చ దొరికింది. దాన్ని వదల్లేదు.

“మామా, నీ మొహం ఎట్లుండాది?”

“ఎట్లుంటాది? ఉండేట్టే ఉండాది.”

“చెప్పు. పుస్తకంలో చెప్పేట్టు చెప్పు.”

ఆయన చాలాసేపు తడుముకున్నాడు. మారవేలు మాటలకన్నా ఇది ఆయనకు కష్టమైంది. “ముందర వెంట్రుకలు పోయినాయి. నుదురు పెద్దదై పోయింది” అన్నాడు. “కండ్ల కింద కొంచెం ఉబ్బు. మీసం తెల్లగా ఉండాది. ఎడమ పక్క పై పన్ను ఒకటి లేదు, నవ్వితే తెలుస్తాది.”

“పన్ను ఎప్పుడు పోయింది?”

“మూడేండ్లయింది పాపా” అన్నాడు విశ్వనాథన్. నిష్ఠూరం లేదు ఆ గొంతులో, ఊరికే గుర్తుచేసుకుంటున్నట్టు చెప్పాడు. “నువ్వు అప్పుడు ఆరో భాగంలో ఉండావు.”

కాంతామణి ఆ వేలిని ఇంకా గట్టిగా పట్టుకుని, “ఇంగా చెప్పు మామా” అంది.